యూరప్ దాకా ఎందుకు? మేడ్చల్‌లో రైలెక్కితే దారిలోనే విక్టోరియా రాణి చర్చి.. ఏమేం చూడొచ్చంటే?

రంగుల అద్దాల కిటికీలున్న పాత చర్చి, తోటల మధ్య దొరల బంగ్లా, నాలుగు రోడ్ల కూడలిలో గడియార స్తంభం.. ఇవి చూడాలంటే లండన్ టికెట్టే కొనాలా? మేడ్చల్, శామీర్‌పేట్ వాళ్లకైతే అక్కర్లేదు. ఇక్కడి నుంచి సికింద్రాబాద్ వెళ్లే రైలు మార్గం, రాజీవ్ రహదారి.. రెండూ బ్రిటిష్ సైన్యం కట్టుకున్న ఊరి మీదుగానే పోతాయి. రోజూ దాటిపోయేవాళ్లే తప్ప దిగి చూసేవాళ్లు తక్కువ.

1798లో నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైనిక ఒప్పందం చేసుకున్నారు. దాంతో కంపెనీ దళాలు హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన మకాం వేశాయి. 1806లో ఆ దండుకు మూడో నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరు పెట్టారు. జనం మాత్రం దాన్ని లష్కర్ అన్నారు. లష్కర్ బోనాలు అనే మాట అక్కడి నుంచి వచ్చిందే. ఉజ్జయిని మహంకాళి గుడిని మొదలుపెట్టింది కూడా ఆ సైన్యంలో పనిచేసిన సురిటి అప్పయ్యే అని ఆలయ చరిత్ర చెబుతోంది.

మేడ్చల్ నుంచి ఎంఎంటీఎస్ 2023 ఏప్రిల్ 8న మొదలైంది. బొల్లారం, బొల్లారం బజార్, అల్వాల్ దాటగానే వచ్చే స్టేషన్ పేరు కావలరీ బ్యారక్స్. అంటే గుర్రపు దళం బసలు. గుర్రాలు పోయాయి, పేరు మిగిలింది.

బొల్లారంలో తప్పక దిగాలి

ఒక్క చోటే చూసే టైముంటే బొల్లారమే చూడండి. హైదరాబాద్ కంటింజెంట్ అనే సైన్యానికి ఇది కేంద్రం. 1855లో మొహర్రం ఊరేగింపుపై పెట్టిన ఆంక్షలతో సిపాయిలు తిరగబడి బ్రిగేడియర్ కాలిన్ మెకంజీని తీవ్రంగా గాయపరిచింది ఇక్కడే. అంటే 1857కి రెండేళ్ల ముందే!

ఇక్కడి హోలీ ట్రినిటీ చర్చి 1847 నాటిది. స్థలం నిజాం ఇస్తే, కట్టడానికి విక్టోరియా రాణి సొంత డబ్బు ఇచ్చారని చెబుతారు. 1983 నవంబర్ 20న ఎలిజబెత్ రాణి, ప్రిన్స్ ఫిలిప్ తమ 36వ పెళ్లిరోజు ప్రార్థనలకు వచ్చింది ఈ చర్చికే. 1947లో ఆ పెళ్లికి ఏడో నిజాం వజ్రాల హారం కానుకగా ఇచ్చారు. అందుకే హైదరాబాద్‌కి ఆ పెళ్లితో ముందు నుంచే లింకుంది.

దగ్గర్లోనే రాష్ట్రపతి నిలయం. 1860లో బ్రిటిష్ రెసిడెంట్ కోసం కట్టిన బంగ్లా ఇది. దాదాపు 90 ఎకరాల తోటలున్నాయి. వంట వాసన భోజనశాలకు రాకుండా వంటగదిని వేరుగా కట్టి, రెంటినీ సొరంగంతో కలిపారు. చాలామందికి నచ్చేది ఈ సొరంగమే. ఒకప్పుడు ఏడాదిలో కొద్ది రోజులే జనాన్ని లోపలికి రానిచ్చేవారు. 2023 మార్చి నుంచి ఏడాది పొడవునా తెరుస్తున్నారు. సోమవారం సెలవు. టికెట్ ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవచ్చు.

సికింద్రాబాద్‌లో..

1850 నాటి సెయింట్ మేరీస్ చర్చికి 2008లో బాసిలికా హోదా వచ్చింది. క్లాక్ టవర్ 1897లో మొదలైంది. ట్రాఫిక్‌లో దాన్ని నింపాదిగా చూడటం కష్టమే, ఆదివారం పొద్దున్నే వెళ్తే నయం. జేమ్స్ స్ట్రీట్ ఇప్పుడు ఎంజీ రోడ్ అయింది. అక్కడి పాత పోలీస్ స్టేషన్ భవనానికీ గడియారం ఉంది. ఇక బేగంపేటలో రొనాల్డ్ రాస్ భవనం. మలేరియాను మోసేది దోమేనని 1897 ఆగస్టు 20న రాస్ కనిపెట్టింది ఇక్కడే. 1902లో ఆయనకు నోబెల్ వచ్చింది.

అయితే అన్నీ ఎప్పటికీ ఇలాగే ఉండవు. సికింద్రాబాద్ స్టేషన్ పాత ముఖద్వారం ఆర్చిలను కొత్త భవనం కోసం 2025లో కూల్చేశారు. జేబీఎస్ నుంచి శామీర్‌పేట్ దాకా దాదాపు 18 కిలోమీటర్ల ఎలివేటెడ్ కారిడార్‌కు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. దీనికి రక్షణ శాఖ భూములతో పాటు ప్రైవేటు స్థలాలూ కావాలి. రోడ్డును 200 అడుగులకు పెంచడంపై పక్కనున్న ఆస్తుల యజమానులు అభ్యంతరం చెబుతున్నారు. శామీర్‌పేట్ వాళ్లకు ట్రాఫిక్ తిప్పలు తప్పడం నిజంగా అవసరమే. కానీ తిరుమలగిరి, బొల్లారం వైపు ఆ చెట్ల నీడ రోడ్డును చూడాలనుకునేవాళ్లు వాయిదా వేయొద్దు.

వెళ్లేముందు ఒక మాట. చర్చిల్లో ఇప్పటికీ ప్రార్థనలు జరుగుతున్నాయి, ఆ టైములో ఫోటోలు తీయకపోవడమే మర్యాద. కంటోన్మెంట్‌లో ఆర్మీ గేట్లు, బోర్డుల దగ్గర రీల్స్ అస్సలు వద్దు. మేడ్చల్ రైళ్లు పొద్దున, సాయంత్రం వాళ్ల లెక్కన నడుస్తాయి కాబట్టి తిరుగు రైలు టైము ముందే చూసుకుని బయల్దేరండి. శామీర్‌పేట్ వాళ్లకు రాజీవ్ రహదారి మీద బస్సులున్నాయి.