లవంగం వేయని లవంగం వాసన

బవేరియా గోధుమ బీరు గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుంటే లవంగం వాసన గుప్పుమంటుంది. అందులో లవంగం ఒక్కటీ వేయరు. గింజల పొట్టులోని ఒక ఆమ్లాన్ని ఈస్ట్ తుంచితే పుట్టే వాసన అది. ఆ తుంచే విద్యతోనే ఇప్పుడు ప్లాస్టిక్కుకీ రబ్బరుకీ ముడిసరుకు తీయాలని చూస్తున్నారు.

కథ మొదలు మన పోపుల పెట్టెలోనే ఉంది. ఇంగువ మొక్క శాస్త్రీయ నామం ఫెరులా. 1866లో హ్లాసివెట్జ్, బార్త్ అనే ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్తలు ఇంగువ బంకలోంచి ఒక ఆమ్లాన్ని వేరుచేశారు. మొక్క పేరే దానికీ వచ్చింది: ఫెరులిక్ ఆమ్లం. ఇంగువ ఘాటు మాత్రం దీనిది కాదు, గంధకం కలిసిన వేరే పదార్థాలది. ఈ ఆమ్లం గోధుమ పొట్టులో, మొక్కజొన్నలో, గేదెల కుడితిలో కలిపే తవుడులో కూడా ఉంటుంది. గడ్డిజాతి మొక్కల కణాల గోడల్లో పోగును పోగుతో బిగించేది ఇదే.

గోధుమ బీరు కాచేవాళ్లు మొలకగింజల పిండిని నీళ్లలో కలిపి సుమారు 45 డిగ్రీల దగ్గర కాసేపు ఆపుతారు. ఆ వెచ్చదనానికి ఫెరులిక్ ఆమ్లం పొట్టు నుంచి ఊడి నీళ్లలోకి దిగుతుంది. మిగతా పని ఈస్ట్‌ది. ఇతర బీర్లలో చాలావాటికి ఇదే వాసన దోషం. బాగా కుదిరిన బీరులోని ఈస్ట్‌నే మళ్లీ మళ్లీ వాడుతూ వచ్చారు కాబట్టి ఆ వాసన పుట్టించే రకాలు వెనకబడ్డాయి. 2016లో బీరు ఈస్టుల జన్యువులు చదివితే, చాలా రకాల్లో ఈ పని చేసే రెండు జన్యువులు చెడిపోయి కనిపించాయి. గోధుమ బీరు ఈస్టుల్లో మాత్రం పదిలంగా ఉన్నాయి.

ఆ జన్యువుల పేర్లు ప్యాడ్1, ఎఫ్‌డీసీ1. మొదటిదాన్ని 1994లో గుర్తించారు. దాల్చినచెక్క పేరు పెట్టుకున్న సినమిక్ ఆమ్లం ఈస్ట్‌కి విషం. ఈ జన్యువు ఉంటే తట్టుకుంటుంది. అంటే బీరులోని పరిమళం ఈస్ట్‌కి ఆత్మరక్షణ. ఆమ్లాన్ని తుంచడానికి రెండూ కావాలని 2010లో తేలింది. ఎందుకో 2015లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ లేస్ బృందం చెప్పింది. ప్యాడ్1 కమ్మరి, ఎఫ్‌డీసీ1 కోతగాడు. బీ2 విటమిన్ నుంచి వచ్చే అణువుకు మరో ముక్క అతికించి ప్యాడ్1 కొడవలి తయారుచేస్తుంది. ఎఫ్‌డీసీ1 దాన్ని పట్టుకుని ఆమ్లం తోకను కోస్తుంది. తోక కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. మిగిలేది ఫెరులిక్ ఆమ్లం నుంచైతే లవంగం వాసన, సినమిక్ ఆమ్లం నుంచైతే స్టైరీన్. థర్మోకోల్‌కి మూలం ఈ స్టైరీనే.

2011లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఈస్ట్ ఎఫ్‌డీసీ1ని, ఒక మొక్క జన్యువును ఇ.కోలి బ్యాక్టీరియాలో పెట్టి గ్లూకోజు నుంచే స్టైరీన్ తీశారు. చిక్కేమిటంటే, స్టైరీన్ కాస్త పోగయితే దాన్ని తయారుచేసే బ్యాక్టీరియాకే విషం.

జపాన్‌లో రికెన్ సంస్థ పరిశోధకులు వేరే దారి పట్టారు. మ్యుకోనిక్ ఆమ్లానికి రెండు కొసలా తోకలే. రెండూ కోస్తే బ్యూటాడయీన్, అంటే టైర్ల రబ్బరుకు ముడిసరుకు. ఎఫ్‌డీసీ1 ఎంజైమ్‌లో ఆమ్లం కూర్చునే గుంట దీనికి సరిపడదు. కంప్యూటర్‌లో లెక్కలు వేసి, ఆ గుంట గోడల్లోని అమైనో ఆమ్లాలను మార్చి సరిపడేలా చేశారు. బ్యూటాడయీన్ వాయువు కాబట్టి ద్రవంలోంచి దానంతటదే బయటికొస్తుంది. 2021లో వాళ్లు ప్రకటించిన దిగుబడి లీటరుకు 2.13 గ్రాములు.

ఆ రెండు గ్రాములతో టైర్ల ఫ్యాక్టరీ నడవదు. మన బండి టైరులోని బ్యూటాడయీన్ ఇవాళ్టికీ పెట్రోలియం నుంచే వస్తోంది.