బందులొచ్చాక గడప

మా నాన్న వడ్రంగి. ధవళేశ్వరం చుట్టుపక్కల ద్వారబంధాలు ఎత్తడంలో ఆయన చెయ్యి మంచిదని పేరు. నేను ఐటీఐలో కుర్రాళ్ళకు కర్రపని చెప్పి రిటైరయ్యాను. మేమిద్దరం ఎక్కువగా మార్చిందేమిటని అడిగితే తడుముకోకుండా గడప అనే చెబుతాను. మంచి టేకు తలుపు నూరేళ్ళయినా చెక్కుచెదరదు. పై అడ్డకర్ర ఇల్లు పడగొట్టేదాకా ఉంటుంది. గడప మాత్రం తరానికోసారి పుచ్చిపోతుంది. శుక్రవారం శుక్రవారం కడిగి, పసుపు రాసి, పిండి బొట్లు పెట్టేది దానికే మరి. పసుపుకు పురుగు రాదంటారు. రాకపోవచ్చు, కానీ ఆ పసుపు కింద ఇంకిన నీళ్ళ మాటేమిటి?

ద్వారబంధంలో ఉండేవి నాలుగే కర్రలు. కింద గడప, పక్కల రెండు నిలువులు, పైన అడ్డకర్ర. తెలంగాణలో మొత్తాన్ని దర్వాజ అనీ గడపను కడప అనీ అంటారు. నిలువుల కొసలు సన్నగా చెక్కి, గడపకూ అడ్డకర్రకూ వేసిన బెజ్జాల్లో దిగ్గొట్టేవాళ్ళు. ఆ రెండు అడ్డపు కర్రలూ నిలువుల్ని దాటి అటూ ఇటూ చెవుల్లా పొడుచుకొచ్చి గోడలోకి పోయేవి. మట్టిగోడలో మేకు నిలవదు కాబట్టి ద్వారబంధాన్ని పట్టి ఉంచింది ఆ చెవులే.

అయితే గడప అక్కడ ఎందుకుందో తెలియాలంటే ఇళ్ళకన్నా పాత గుళ్ళు చూడాలి. పాలంపేట రామప్ప గుడిని 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు. అక్కడికి వెళ్ళినవాళ్ళందరూ తలెత్తి శిల్పాలు చూస్తారు. వడ్రంగి కన్ను ముందు ద్వారం అల్లిక మీదికి పోతుంది. కింద రాతి గడప, పక్కల శాఖలు, పైన అడ్డరాయి, దాని నడుమ దేవతా రూపం. మన పాత ఇళ్ళ సింహద్వారం మీద గజలక్ష్మిని చెక్కించుకోవడం ఆ పద్ధతే. ఇక తలుపులు ఎప్పుడో పోయిన పాడుగుళ్ళలో గడప వెనక మూలలు చూడండి. గుండ్రంగా, బొటనవేలు దూరేంత గుంటలుంటాయి. తలుపు బరువంతా మోసిన చోటు అదే.

ఇనప బందులు లేని రోజుల్లో తలుపు రెక్కలో ఒక పక్క చెక్కనే కిందా పైనా కాస్త పొడుగ్గా వదిలి గుండ్రంగా చెక్కేవాళ్ళు. కింది కొస గడప గుంటలో తిరిగేది, పై కొస అడ్డకర్ర వెనకనున్న బెజ్జంలో తిరిగేది. పై బెజ్జం లోతు ఎక్కువ, కింది గుంట లోతు తక్కువ. రెక్కను ముందు పైకి దూర్చి, నిలబెట్టి, కిందికి దించితే గుంటలో కూర్చుంటుంది. తియ్యాలంటే మళ్ళీ పైకెత్తాలి. లోపలివైపు గడియ పడితే ఎత్తడానికి సందుండదు. దొంగ ఎంత బలవంతుడైనా బయటినుంచి విప్పడానికి ఒక్క మేకూ కనపడదు. మా వాళ్ళ తెలివి మీద నాకు గర్వం కలిగే చోటు ఇది.

ఈ పద్ధతిలో రెక్కల బరువు గడపదే. అందుకే దాన్ని జానెడు వెడల్పున, లావుగా, చేవ ఉన్న కర్రలోంచే తీసేవాళ్ళు. లెక్క వేసి చూడండి. టేకు ఘనపుటడుగు సుమారు 18 కిలోలు తూగుతుంది. ఏడడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు ద్వారబంధాన్ని పదంగుళాలకు ఆరంగుళాల కర్రతో చేస్తే 165 కిలోల దాకా వస్తుంది. ఇప్పటి ఐదు బై మూడు కర్రతో అదే కొలత చేస్తే నలభై కిలోల పైచిలుకు.

అంత కర్ర మా డెల్టాకు ఎక్కణ్ణుంచి వచ్చింది? గోదావరి మీంచి. ఏజెన్సీలో కొట్టిన మానుల్ని తెప్పలు కట్టి వదిలితే రాజమండ్రి దాకా కొట్టుకొచ్చేవి. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక కాలవల్లో పడవలు తిరిగాయి. పంట డబ్బు, కర్ర ఒకే నీటి మీద ఊళ్ళోకి వచ్చాయన్నమాట. మండువా లోగిళ్ళలో ఆ దిట్టమైన ద్వారబంధాలకు ఆ కాలవలే మూలమని నా నమ్మకం. డబ్బున్నవాళ్ళు బర్మా టేకు కోరుకునేవారు. రంగూన్‌కూ మన రేవులకూ ఓడలు నడిచేవి, మనవాళ్ళు వేలమంది అక్కడ పనికి వెళ్ళేవారు. ఆ టేకు విలువ తక్కువది కాదు; 1885లో ఇంగ్లీషువాళ్ళు బర్మా రాజధాని మాండలే మీదికి దండెత్తడానికి ఒక టేకు కంపెనీకి పడిన జరిమానా సాకైంది. 1942లో జపాను వాళ్ళు రంగూన్ పట్టుకోవడంతో ఆ ఓడల దారి తెగింది.

ఇనప బందులూ మరమేకులూ వచ్చాక తలుపు బరువు పక్కనున్న నిలువు మీదికి మారింది. గడపకు పని పోయింది. మిగిలింది పూజ. ద్వారబంధం ఎత్తేనాడు గడప కింద గుంటలో నవధాన్యాలు, పాలు, ముత్యం, పగడం, బంగారు రవ్వ వెయ్యడం, వడ్రంగికి కొత్త పంచె పెట్టడం అంతా యథావిధిగానే సాగింది. కర్ర మాత్రం సన్నబడుతూ వచ్చింది. మోసేదేమీ లేనిదానికి చేవకర్ర ఎందుకని మేస్త్రీలూ అనుకున్నారు, యజమానులూ అనుకున్నారు. సన్నకర్రకు తడి త్వరగా ఎక్కుతుంది.

గడప మార్చడమంటే చాలామంది భయపడతారు. ఒక ఇంటి పెద్దావిడ మా నాన్నతో, "మేస్త్రిగారూ, గడప తీస్తే లక్ష్మి వెళ్ళిపోదూ?" అనడం నాకు గుర్తు. "కుళ్ళిన పీట మీద ఆవిడెందుకు కూర్చుంటుందమ్మా" అన్నాడాయన, రంపం తీస్తూనే. ముందు రెక్కలు దింపాలి. నిలువుల మధ్య ఒక ఊతకర్ర అడ్డంగా బిగించాలి, లేకపోతే అవి లోపలికి ఒరుగుతాయి. పాత గడపను నడుమ ఏటవాలుగా కోసి రెండు ముక్కలుగా లాగెయ్యాలి. గోడలోని చెవుల జోలికి పోకుండా అక్కడే కోసి వదిలేస్తాం. కొత్త కర్రకు బెజ్జాలు మామూలుగా వేస్తే లోపలికి ఎక్కదు. నిలువు కొసలు కిందికి దిగి ఉన్నాయి కదా. అందుకని బెజ్జాల్ని ఒక పక్కకు తెరిచి, కర్రను ముందునుంచి లోపలికి తోసి, తెరిచిన చోట చెక్కముక్క బిగించి మూసేస్తాం. నిలువుల కాళ్ళు పుచ్చి ఉంటే అడుగు మేర కోసి కొత్త ముక్క అతుకుతాం. ఆ అతుకు వాలు బయటికి ఉండాలి. లోపలికి ఉంటే వాన నీరు దారి చూసుకుని అందులోనే కూర్చుంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో లోపలి గదులకు మూడు కర్రలే, గడప ఉండదు. పట్టు గోడలోకి దిగే ఇనప పట్టీలది, అంటే హోల్డ్‌ఫాస్టులది. వాకిలికి మాత్రం గ్రానైటు పలకో, తర్వాత తెచ్చి పెట్టుకున్న రెండంగుళాల టేకు ముక్కో ఉంటుంది. పసుపు రంగు, బొట్లు అచ్చేసిన స్టిక్కరు కూడా దొరుకుతోంది. దానికి నేను వ్యతిరేకిని కాను. కర్ర తడవదు. టేకు ముక్కే పెట్టుకుంటానంటే, అడుగున సన్నటి రాతిపలక వేసి, దాని మీద మరమేకులతో బిగించమంటాను. మేకులు కొట్టించొద్దు. మళ్ళీ విప్పేవాడికి ప్రాణం మీదికొస్తుంది.