ఢాకా విశ్వవిద్యాలయ ఛాత్రావాసములు

విద్యార్థికి తలదాచుకొన చోటు చూపుట ఒకటి. అతనిని ఒక కుటుంబమున చేర్చుకొనుట మఱియొకటి. భారతదేశమున 1857లో వెలసిన తొలి విశ్వవిద్యాలయములు పరీక్షలు జరిపి పట్టములిచ్చుటకే ఏర్పడినవి. విద్యార్థి నివాసము వానికి ముఖ్యవిషయము కాలేదు. 1921 జూలై 1వ తేదీన ప్రారంభమైన ఢాకా విశ్వవిద్యాలయము ఈ పద్ధతిని విడిచి, ఆవాసమునే విద్యకు పునాదిగా గ్రహించెను.

1911లో వంగవిభజన రద్దయినందున, ఢాకాలోని రమణా ప్రాంతమున కొత్త రాష్ట్రమునకై కట్టిన భవనములు పూర్వ ప్రయోజనమును కోల్పోయెను. విశ్వవిద్యాలయమునకు అవి అక్కఱకు వచ్చినవి. మొదటి ఉపాధ్యక్షుడు ఫిలిప్ హార్టాగ్. తొలియేట చేరిన విద్యార్థులు 877 మంది. ప్రతి విద్యార్థియు ఒక హాలునకు చెందవలెను. ఊరిలో స్వగృహమున నుండువాడు సైతము ఏదో యొక హాలున పేరు నమోదు చేసికొనవలెను. హాలునకు అధిపతి ప్రోవోస్టు. అతడు ఆచార్యుడే కాక విద్యార్థుల బాగోగులకు బాధ్యుడు కూడ.

ఆరంభమున హాళ్లు మూడు: ఢాకా హాలు, జగన్నాథ హాలు, ముస్లిము హాలు. మూడవది 1931లో సలీముల్లా పేర సొంత భవనమునకు మాఱెను. కుటుంబభావమును పెంపొందింపనెంచిన వ్యవస్థయే మతమును బట్టి పంక్తులను విడదీసెను. వంటశాలలు, పండుగలు, ప్రార్థనలు వేఱగుటకు కారణములు లేకపోలేదు. కాని ఒకే తరగతిలో కూర్చున్నవారు సాయంకాలమున వేర్వేఱు గుమ్మములు తొక్కిరి.

జగన్నాథ హాలు సభాభవనము దేశవిభజనానంతరము తూర్పు బెంగాలు శాసనసభకు నిలయమయ్యెను. 1952 ఫిబ్రవరి 21న సభ జరుగుచుండగా, బంగాళీ భాషకై నినదించుచు చేరిన యువకులపై సమీపమునందలి వైద్యకళాశాల ఛాత్రావాసము కడ పోలీసులు కాల్పులు జరిపిరి. ఆ మరణములను మతభేదము లేక అందఱును తమవిగా తలచిరి. నడవలు విడదీసినవారిని భాష కలిపెను.

1971 మార్చి 25 రాత్రి పాకిస్తాను సైన్యము హాళ్లపై విరుచుకుపడెను. జగన్నాథ హాలున విద్యార్థులు అనేకులు హతులైరి. ప్రోవోస్టు జ్యోతిర్మయ గుహఠాకుర్తా తూటా గాయముతో కొన్ని దినములకు మరణించెను. పిదప 1985 అక్టోబరు 15న ఆ పాత సభాభవనపు కప్పు కూలి, దూరదర్శన కార్యక్రమము చూచుచున్న పలువురు విద్యార్థులు ప్రాణములు విడిచిరి. ఒక విపత్తు శత్రువుది. రెండవది శిథిలమైన గోడలను ఉపేక్షించినందున వచ్చినది.

విద్యార్థిని తన యింటివానిగా చేర్చుకొన్న సంస్థ ఆ యింటి కప్పునకు కూడ పూచీపడవలెను. ఢాకా హాళ్ల చరిత్ర మిగిల్చిన పాఠమిదియే.