పరాయి మైదానంలో ఆట: ఫుట్‌బాల్ మేనేజర్‌లో వ్యూహం ఎంత మార్చాలి?

ఫుట్‌బాల్ మేనేజర్ కంప్యూటర్‌పైనా, సెల్‌ఫోన్‌పైనా ఆడే ఒక క్రీడా నిర్వహణ ఆట. ఇందులో ఆడేవారు బంతిని తన్నరు. జట్టును ఎంపిక చేస్తారు, ఎవరు ఎక్కడ నిలవాలో నిర్ణయిస్తారు, మ్యాచ్ సాగుతుండగా ఆదేశాలు మారుస్తారు. అంటే వారిది ఆటగాని స్థానం కాదు, గీత వెలుపల నిలబడే శిక్షకుని స్థానం.

ఈ ఆటలో పిల్లలకు తరచూ ఎదురయ్యే చిక్కు ఒకటి ఉంది. సొంతగడ్డపై వరుసగా గెలిచే జట్టు ప్రత్యర్థి ఊరికి వెళ్లగానే ఓడిపోతుంది. అవే పదకొండు పేర్లు, అదే వ్యూహం, ఫలితం మాత్రం తారుమారు. అప్పుడు కొందరు వ్యూహాన్ని సమూలంగా మార్చివేస్తారు. మరికొందరు ఏమీ మార్చక అదృష్టాన్ని నిందిస్తారు. పరాయి మైదానంలో మార్చవలసినవి కొన్ని మాత్రమే. అవి ఏవో తెలుసుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆట పుట్టుపూర్వోత్తరాలు

ఇంగ్లండుకు చెందిన కెవిన్ టామ్స్ 1982లో 'ఫుట్‌బాల్ మేనేజర్' అనే పేరుతో తొలి ఆటను విడుదల చేశారు. పాల్ కాలియర్, ఆలివర్ కాలియర్ అనే సోదరులు రూపొందించిన 'ఛాంపియన్‌షిప్ మేనేజర్' 1992లో వచ్చింది. ఆ సోదరుల సంస్థ స్పోర్ట్స్ ఇంటరాక్టివ్, ప్రచురణకర్తతో విడిపోయిన తరువాత, 2004 నవంబరు నుండి తన ఆటను ఫుట్‌బాల్ మేనేజర్ పేరుతో వెలువరిస్తున్నది. మొదట్లో మ్యాచ్ అంతా అక్షరాల్లోనే సాగేది. 2003లో ఆటగాళ్లు చుక్కల రూపంలో తెరపై కదలసాగారు. 2008 చివరిలో మనుషుల ఆకారాలు వచ్చాయి. 2025 సంచిక రద్దయింది. తరువాతి సంచిక 2025 నవంబరులో విడుదలైంది.

సొంతగడ్డ బలం ఎక్కడిది?

ఆతిథ్య జట్టుకు ప్రయాణ బడలిక లేదు, మైదానపు ఎత్తుపల్లాలు తెలుసు, ప్రేక్షకులు తనవారు. ఆ ప్రేక్షకుల కేకలు రిఫరీ మీద కూడా పని చేస్తాయి. 2002లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో రిఫరీలకు ఒకే దృశ్యాలను కేకలతోను, కేకలు లేకుండాను చూపించారు. కేకలు విన్నవారు ఆతిథ్య జట్టుపై తక్కువ ఫౌల్‌లు ఇచ్చారు. కరోనా కాలంలో స్టేడియాలు దాదాపు ఖాళీగా ఉన్న 2020-21లో, ఇంగ్లండు ప్రీమియర్ లీగ్‌లోని 380 మ్యాచ్‌లలో ఆతిథ్య జట్లు 144 గెలువగా, వచ్చిన జట్లు 153 గెలిచాయి. జనం లేనిచోట సొంతగడ్డ బలం ఎంతగా తగ్గగలదో ఈ అంకెలు చెబుతాయి.

వాతావరణం మరొక కారణం. సముద్రమట్టానికి సుమారు 3,600 మీటర్ల ఎత్తున ఉన్న లా పాజ్ నగరంలో 2009 ఏప్రిల్ 1న బొలీవియా జట్టు మారడోనా శిక్షణలోని అర్జెంటీనాను 6-1 తేడాతో ఓడించింది. చంద్రపూర్ వేసవి ఎండ ఎరిగినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఆ ఎండకు అలవాటు లేని జట్టు ఇక్కడ మొదటి నిమిషం నుండి పరుగెత్తితే రెండవ సగానికి నిలువలేదు.

మార్చవలసినవి

ఒకటి, దూకుడు స్థాయి. ఇటీవలి సంచికలలో 'వెరీ డిఫెన్సివ్' నుండి 'వెరీ అటాకింగ్' వరకు ఏడు మెట్లు ఉన్నాయి. సొంతగడ్డపై 'పాజిటివ్' ఆడే జట్టు పరాయి మైదానంలో 'బ్యాలెన్స్‌డ్'కు, బలమైన ప్రత్యర్థి అయితే 'కాషస్'కు దిగితే చాలును. ఒక్కసారిగా అట్టడుగు మెట్టుకు దిగితే బంతి మన దగ్గర నిలువదు. కొట్టిన ప్రతి బంతీ తిరిగి మన గోల్ ముందుకే వస్తుంది.

రెండు, రక్షణ శ్రేణి. డిఫెండర్లను కొంత వెనుకకు నిలిపితే వారి వెనుక ఖాళీ తగ్గుతుంది. అయితే డిఫెండర్లు వెనుకకు జరిగి, ఫార్వర్డ్‌లు మాత్రం ప్రత్యర్థి గోల్ దగ్గరే బంతి కోసం వెంటపడుతుంటే, నడుమ పెద్ద ఖాళీ ఏర్పడుతుంది. కాబట్టి డిఫెన్సివ్ లైన్‌ను తగ్గించినప్పుడు, ప్రత్యర్థిని అడ్డుకోవడం మొదలుపెట్టే గీతను కూడా తగ్గించాలి. చాలామంది మరచిపోయేది ఈ రెండవ పనినే.

మూడు, ఎదురుదాడి. మన మైదానానికి వచ్చే బలహీన జట్లు గోల్ ముందు గుమిగూడి నిలుస్తాయి. అవే జట్లు తమ ఊరిలో ప్రేక్షకుల ఉత్సాహానికి ముందుకు వస్తాయి. అప్పుడు వారి వెనుక ఖాళీ దొరుకుతుంది. వేగం గల ఫార్వర్డ్ ఒకరిని ముందు ఉంచి, బంతి చిక్కగానే 'కౌంటర్' ఆదేశం ఇస్తే, పరాయి మైదానమే మనకు అనుకూలం కావచ్చును.

నాలుగు, సమయం. తొలి ఇరవై నిమిషాలు టెంపో తగ్గించి బంతిని దగ్గర ఉంచుకుంటే ప్రేక్షకుల కేకలు చల్లబడతాయి. వెనుకబడినప్పుడు ఒక్కొక్క మెట్టు చొప్పున దూకుడు పెంచాలి.

మార్చకూడనివి

జట్టు నిలిచే ఆకృతిని ప్రతి ప్రయాణానికీ మార్చరాదు. ఒక వ్యూహం ఆటగాళ్లకు ఎంత అలవాటయిందో ఈ ఆట లెక్కగట్టి చూపుతుంది. అలవాటు లేని ఆకృతిలో మంచి ఆటగాడు కూడా తడబడతాడు. ఒకేసారి మూడు వ్యూహాలకు సాధన చేయించే వీలున్నది కనుక, పరాయి మైదానానికి ఉద్దేశించిన దానిని సీజను ఆరంభం నుండే రెండవ వ్యూహంగా సాధన చేయించడం మేలు.

రహీం చూపిన దారి

ఈ విద్యను తెరమీద కాక నిజమైన మైదానంలో చేసి చూపినవారు హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం (1909-1963). వృత్తిరీత్యా తొలుత ఉపాధ్యాయులు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయి వెళ్లి 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలుచుకున్నది. నేడు చంద్రపూర్ జిల్లాలో ఉన్న రాజురా అప్పట్లో హైదరాబాద్ రాష్ట్రంలోనిదే. ఆ లెక్కన రాజురా వారి సొంత రాష్ట్రపు జట్టే బొంబాయి వెళ్లి గెలిచి వచ్చినట్లు.

ఆయన చూసిన ఓటములూ ఉన్నవి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో, చలి ప్రదేశంలో, మనవారిలో పలువురు బూట్లు లేకుండా ఆడగా యుగోస్లావియా 10-1తో ఓడించింది. ఇంటి దగ్గర చెల్లిన అలవాటు అక్కడ చెల్లలేదు. ఆ తరువాత జట్టుకు బూట్లు తప్పనిసరి అయ్యాయి. 1956 మెల్‌బోర్న్‌లో అదే భారత జట్టు ఆతిథ్య ఆస్ట్రేలియాను వారి గడ్డపైనే 4-2తో ఓడించి, నాలుగవ స్థానం పొందింది.

1962 జకార్తా ఆసియా క్రీడలు ఇంకా కఠినమైన పరీక్ష. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానీయని వివాదంలో భారత ప్రతినిధి చేసిన విమర్శ వల్ల అక్కడి జనం మనవారిపై ఆగ్రహంతో ఉన్నారు. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా మనలను 2-0తో ఓడించింది. థాయ్‌లాండ్‌తో ఆడుతూ డిఫెండర్ జర్నయిల్ సింగ్ తలకు గాయమైంది. రహీం ఆయనను తరువాత సెంటర్ ఫార్వర్డ్‌గా నిలిపారు. సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్‌లో ప్రేక్షకులు మనకు వ్యతిరేకంగా అరుస్తుండగా, పి.కె. బెనర్జీ, జర్నయిల్ సింగ్ చెరొక గోల్ చేశారు. అదే కొరియాపై భారత్ 2-1తో గెలిచి స్వర్ణం సాధించింది. మార్చినది ఒక మనిషి స్థానాన్ని. జట్టు మొత్తాన్ని కాదు.

అభ్యాసానికి ఒక పద్ధతి

ఆటలో పరాయి మైదానపు ప్రతి మ్యాచ్ తరువాత మూడు విషయాలు నోటుపుస్తకంలో రాసుకోవాలి: ఏమి మార్చాము, గోల్ ఎటు నుండి వచ్చింది, ఏ నిమిషంలో వచ్చింది. ఒకసారికి ఒక్క అంశమే మార్చితే దాని ఫలితం స్పష్టంగా తెలుస్తుంది. పది మ్యాచ్‌ల తరువాత ఆ పుటలు తిరగవేస్తే, జట్టు ఎక్కడ బలహీనమో పిల్లలకే బోధపడుతుంది. తాలూకా పోటీలు దాటి జిల్లా కేంద్రపు మైదానంలో అడుగుపెట్టే పాఠశాల జట్టుకు కూడా ఈ మూడు ప్రశ్నలే పనికివస్తాయి.