మాటల కాలంలో మౌనం: 'సిటీ లైట్స్' నుంచి 'పుష్పక విమానం' దాకా

తన కాలంలో ఇమడని సినిమా కనిపిస్తే 'కాలం కంటే ముందొచ్చింది' అనేయడం మన విమర్శలో అలవాటైపోయింది. అది మెచ్చుకోలే తప్ప పరిశీలన అనిపించుకోదు. అలా మెచ్చుకున్న సినిమాల్లో కొన్ని నిజానికి వెనక్కి వెళ్లాయి. పరిశ్రమ అటకెక్కించిన పనిముట్టును కిందికి దించి, దుమ్ము దులిపి వాడుకున్నాయి. పాత పనిముట్టు కొత్త కాలంలోకి వచ్చాక చేసే పని కూడా మారిపోతుందన్నది ఈ వ్యాసంలో నేను నిలబెట్టదలచిన వాదం. ఇందుకు మూడు సినిమాలు చూద్దాం.

1927 అక్టోబరులో 'ది జాజ్ సింగర్' విడుదలయ్యాక రెండు మూడేళ్లలోనే హాలీవుడ్ మొత్తం శబ్దానికి మళ్లింది. చార్లీ చాప్లిన్ 'సిటీ లైట్స్' చిత్రీకరణ మొదలుపెట్టింది 1928 డిసెంబరులో. అది తొలిసారి తెరమీదికొచ్చింది 1931 జనవరి 30న. ఆ తర్వాత 43 రోజులకు, మార్చి 14న, బొంబాయిలో 'ఆలం ఆరా' విడుదలై మన దేశంలో టాకీలకు తెర లేచింది. అందరూ మాట్లాడుతుంటే తానొక్కడు నోరు విప్పనని భీష్మించుకోవడానికి చాప్లిన్‌కు దన్ను ఉంది. స్టూడియో ఆయనది, డబ్బు ఆయనది, 1919లో పుట్టిన యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థలో ఆయన వ్యవస్థాపక భాగస్వామి. ఈ సంగతి పక్కనపెట్టి కళాకారుడి పట్టుదల గురించి మాత్రమే రాస్తే సగం చరిత్రే రాసినట్టు.

అయితే 'సిటీ లైట్స్' చెవులు మూసుకున్న సినిమా కాదు. మొదటి దృశ్యంలోనే విగ్రహావిష్కరణకు వచ్చిన పెద్దలు ఉపన్యాసం మొదలుపెడితే నోటి నుంచి బూర కూతలు వినిపిస్తాయి. మాటల వ్యామోహం మీద వేసిన దెబ్బ అది. దానికన్నా లోతైనది కారు తలుపు సంగతి. పూలమ్మే చూపులేని పిల్ల చాప్లిన్ వేసిన దేశదిమ్మరిని ధనవంతుడని ఎలా పొరబడాలి? చాప్లిన్‌ను చాలాకాలం వేధించిన చిక్కు ఇది. చివరికి దొరికిన పరిష్కారం: దారికి అడ్డంగా ఆగిన కారులోకి అతను ఒక పక్క దూరి, రెండో పక్క దిగి తలుపు వేస్తాడు. ఆమె ఆ చప్పుడు వింటుంది, మనం చూస్తాం. కథ మొత్తానికి మూలమైన ఆ పొరపాటు ఒక శబ్దం వల్ల పుట్టింది. 1921లో మూకీ తీసినవాళ్లకు వేరే దారి లేదు. 1931లో ఉండి కూడా చాప్లిన్ వద్దన్నాడు. ఆ తేడా కారు తలుపులో ఉంది.

రెండో ఉదాహరణ 1955 నాటి 'ది నైట్ ఆఫ్ ది హంటర్'. రంగులు, 1953లో వచ్చిన సినిమాస్కోప్ ప్రేక్షకుణ్ణి లాగేస్తున్న రోజుల్లో నటుడు చార్లెస్ లాటన్ నలుపు తెలుపుల్లో, పదునైన నీడలతో ఈ సినిమా తీశాడు. తెర అంచుల నుంచి చీకటి కమ్ముకొచ్చి గుండ్రటి వెలుగు మాత్రమే మిగిలే ఐరిస్ పద్ధతి మూకీల నాటిది. దాన్ని వాడాడు. దర్శకుడు గ్రిఫిత్ మూకీల నాయిక లిలియన్ గిష్‌ను పిల్లల్ని కాచే పెద్దావిడ పాత్రకు తీసుకున్నాడు. సినిమా ఆడలేదు. లాటన్ మళ్లీ దర్శకత్వం వహించలేదు, 1962లో కన్నుమూశాడు. 1992లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో ఈ చిత్రానికి చోటిచ్చారు. చాప్లిన్‌కున్న దన్ను లాటన్‌కు లేదు.

ఇక మనకు దగ్గరి సినిమా. సింగీతం శ్రీనివాసరావు పుట్టింది 1931లో, అంటే టాకీ మన దేశానికి వచ్చిన ఏడే. ఆయన పని నేర్చుకున్నది 'మాయాబజార్' తీసిన కె.వి. రెడ్డి దగ్గర, పింగళి నాగేంద్రరావు మాట మంత్రంలా పనిచేసిన చోట. అలాంటి బడిలో పెరిగిన మనిషి 1987లో కమలహాసన్, అమలలతో ఒక్క సంభాషణ లేకుండా 'పుష్పక విమానం' తీశారు. పెళ్లి పందిళ్ల మైకుల్లో పాటలతో పాటు సినిమా డైలాగులూ మోగుతున్న రోజులవి.

ఇందులో నిరుద్యోగి ఉండే గది సినిమా హాలు పక్కన. మత్తులో పడి ఉన్న ధనికుణ్ణి బంధించి, అతని స్థానంలో ఖరీదైన హోటల్లో చేరతాడు. మెత్తటి పరుపు, చల్లటి గది, నిశ్శబ్దం. నిద్ర పట్టదు! పాత చోటికి వెళ్లి హాల్లోంచి వచ్చే రొదను టేపురికార్డరులో పట్టుకొచ్చి, అది వింటూ నిద్రపోతాడు. నా దృష్టిలో ఈ సినిమాకు తాళంచెవి ఆ దృశ్యమే. టాకీ సినిమా ఇక్కడ పేదవాడి జోలపాటగా, పక్కింటి గోలగా వినిపిస్తుంది. ఈ సన్నివేశం 1921లో ఎవరూ తీయలేరు. శబ్దం అలవాటై, అది లేనిదే నిద్రపట్టని సమాజం ఏర్పడ్డాకే సాధ్యం. చివర అమల చిరునామా రాసిచ్చిన కాగితం అతనికి దక్కకుండా పోతుంది. ఆ ఒక్క కాగితమ్ముక్కలో ఉన్న మాటలు కూడా మనకు అందవు.

లోకం తీరుకు ఎదురీదిన ఈ సినిమాకు వ్యాపారం కూడా కలిసొచ్చింది. నిర్మాత శృంగార్ నాగరాజ్ కన్నడిగుడు, కథ జరిగేది బెంగళూరులో. సంభాషణలు లేవు కనుక డబ్బింగు ఖర్చు లేదు, పేరు మార్చి ఏ రాష్ట్రానికైనా పంపొచ్చు. హిందీలో 'పుష్పక్' అయింది. ఆరోగ్యకరమైన వినోదాన్నిచ్చిన జనరంజక చిత్రంగా జాతీయ అవార్డు అందుకుంది.

మన పత్రికలు, సినిమా చరిత్రలు దీన్ని ఇప్పటికీ 'మూకీ' అని రాస్తున్నాయి. తప్పు. ఇందులో ఎల్. వైద్యనాథన్ సంగీతం ఉంది, వీధి చప్పుళ్లున్నాయి, హాలు రొద ఉంది. లేనిది సంభాషణ ఒక్కటే. తమిళంలో ఈ సినిమాకు పెట్టిన పేరు 'పేసుం పడం', అంటే మాట్లాడే చిత్రం, అచ్చంగా టాకీ. ఆ పేరు పెట్టినవాళ్లకు అర్థమైంది మన చరిత్రకారులకూ అర్థం కావాలి. ఇకమీదట రాసేవాళ్లు, పాఠం చెప్పేవాళ్లు 'పుష్పక విమానా'న్ని మూకీల పక్కన చేర్చవద్దని, మాటల్లేని టాకీగానే నమోదు చేయాలని నా మనవి.