వజ్రముల వర్ణపటము

కృష్ణానదీ తీరమున వజ్రములు దొరకిన కాలమొకటి ఉండెను. కొల్లూరు, పరిటాల గనుల పేరు ఐరోపా వర్తకులకు సైతము సుపరిచితము. (కొల్లూరు వేరు, మన కొల్లేరు వేరు, కొల్లేటిలో దొరకునవి చేపలే.) ఆనాటి వర్తకుడు వజ్రమును వెలుతురులో త్రిప్పి చూచి, త్రాసులో తూచి, వెల కట్టెడివాడు. ఆ రాతిలో పరమాణువులెట్లు అమరియున్నవో, వానిని పట్టియుంచు బలమెంతయో అతడెరుగడు. పగులగొట్టి చూచినను తెలియదు. రాతికి హాని లేకుండ, వెలుగుచేతనే ఆ సంగతి చెప్పించిన తొలి పరిశోధకులలో ఒకరు మన ప్రాంతమువారే.

సూరి భగవంతం గారు 1909 అక్టోబరు 14వ తేదీన నూజివీడు చెంతనున్న ఆగిరిపల్లిలో జన్మించిరి. అప్పుడది కృష్ణా జిల్లా. 2022 నుండి ఏలూరు జిల్లా. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, 1928లో కలకత్తా చేరి, సి.వి. రామన్ గారి శిష్యులైరి.

ఆ సంవత్సరము ఫిబ్రవరి 28న రామన్, కె.ఎస్. కృష్ణన్ గార్లు కనుగొన్న విషయమును శ్రోతలు వినియే యుందురు. ఒకే రంగుగల కాంతిని పదార్థముపై ప్రసరింపజేసినచో, చెదరిన కాంతిలో అత్యధిక భాగము అదే రంగున వెడలును. లేశమాత్రము రంగు మార్చుకొని వచ్చును. లోపలి పరమాణువుల కంపనమునకు కొంత శక్తిని అప్పగించి వచ్చుటయే అందులకు కారణము. ఆ మార్పును కొలిచినచో కంపనపు వేగము తెలియును. దానినిబట్టి బంధముల బిగువు తెలియును. తంబుర తీగెను మీటి బిగువు కనిపెట్టుట వంటిదే ఇది. కాని ఆ కాంతి మిక్కిలి మందము. లేజరు లేని ఆ దినములలో పాదరస దీపము వెలిగించి, ఛాయాచిత్ర ఫలకముపై గీత పడువరకు గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు దినముల తరబడి వేచియుండవలసినదే.

1930లో భగవంతం గారు వజ్రముల రామన్ వర్ణపటమును గూర్చి ప్రకటించిరి. అదే కాలమున సి. రామస్వామి గారును, ఇంగ్లండులో రాబర్ట్‌సన్, ఫాక్స్ అనువారును ఈ పనియే చేసిరి. కీర్తి యంతయు ఒక్కరికే కట్టబెట్టుట న్యాయము కాదు. వజ్రమునకు ప్రస్ఫుటమగు గీత ఒక్కటే: సెంటీమీటరుకు 1332 తరంగముల తేడాతో వచ్చునది. ఇంత పెద్ద తేడా, తేలికయగు కర్బన పరమాణువులు ఎంత బిగువుగ పెనవేసికొనియున్నవో చెప్పుచున్నది.

గీత ఒక్కటే ఏల? దీనికి సమాధానము సౌష్ఠవమున కలదు. వజ్రమున పరమాణువులు రెండు జాలములై ఒకదానిలో నొకటి చొచ్చియున్నవి. అవి ఎదురెదురుగ ఊగుటయే ఆ కంపనము. ఏ దిక్కున ఊగినను వేగమొక్కటే, కనుక గీతయు నొక్కటే. ఇట్టి లెక్కను స్ఫటికములన్నిటికి వర్తింపజేయు పద్ధతిని భగవంతం గారు టి. వెంకటరాయుడు గారితో కూడి 1939లో ప్రకటించిరి. వారు 1932లోనే వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వచ్చియుండిరి. లెక్కకు మించి గీతలు కనబడినచో, స్ఫటిక నిర్మాణమును గూర్చిన మన ఊహను మరల పరిశీలింపవలసినదే. ఈ గణితముపై వారిరువురు రచించిన గ్రంథమును 1948లో విశ్వకళాపరిషత్తే ప్రచురించెను.

తరువాత భగవంతం గారు ఉస్మానియా ఉపాధ్యక్షులుగను, బెంగుళూరు విజ్ఞాన సంస్థ సంచాలకులుగను, రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారుగను పనిచేసి 1989లో మరణించిరి. పదవులు పెద్దవే; అయినను వాల్తేరు సంవత్సరములే వారి జీవితమున సారవంతములని నా అభిప్రాయము.

వజ్రముల కథ అంతటితో ముగియలేదు. కొన్ని వజ్రములు అతినీలలోహిత కాంతిని మ్రింగును, కొన్ని పోనిచ్చును. ఈ భేదమునకు సౌష్ఠవమే కారణమని రామన్ గారు వాదించిరి. ఆ వాదము నిలువలేదు. రాతిలో చొరబడిన నత్రజనియే కారణమని 1959లో కైజర్, బాండ్ అను శాస్త్రజ్ఞులు చూపిరి.

నేడు రత్నపరీక్షకులు వజ్రమును గుర్తించుటకు 1332 గీతను వాడుదురు. గాజుముక్క దానిని చూపజాలదు. కాని యంత్రములలో పెంచిన వజ్రమును వజ్రమే గనుక అదియు ఆ గీతనే చూపును. వాయువులనుండి పెంచిన రాతిని పట్టుటకు, అందు తరచుగ చొరబడు సిలికాన్ జాడ 737 నానోమీటర్లయొద్ద వెలుగుచున్నదేమో యని వెదకుదురు.