వృద్ధాశ్రమాల పటంలో వాడ ఎక్కడుంది?

ముసలితనం గురించి మనకు ఒకటే కథ చెబుతూ వచ్చారు: ఉమ్మడి కుటుంబం కూలింది, కొడుకులు అమెరికా పోయారు, వృద్ధాశ్రమాలు వెలిశాయి. ఇది ఆస్తి ఉన్న ఇళ్ళ కథ. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మాల, పైడి, రెల్లి వాడల కథ కాదు. ఒకనాడు ఈ ప్రాంతం నుంచి కూలీలు ఓడెక్కి రంగం పోయారు. ఇవాళ విశాఖ, హైదరాబాద్, చెన్నై పోతున్నారు. ముసలివాళ్ళు వాడలోనే మిగులుతున్నారు.

కాబట్టి ఆశ్రమాలు ఎందుకు పుట్టాయన్నది కాదు, ఎక్కడ పుట్టాయన్నది మేము అడుగుతున్న ప్రశ్న.

జమీందారీ కాలంలో ఆశ్రయమంటే సత్రం. పూరీ బాటన పోయే యాత్రికుడికి అక్కడ కులాన్నిబట్టి అన్నం. అంటరానివాళ్ళకు గుమ్మం బయటే. క్రైస్తవ మిషన్లు ఆ గుమ్మం దాటించాయి. సాలూరు ఫిలడెల్ఫియా ఆసుపత్రి కుష్ఠు రోగులకు చోటిచ్చింది. అయితే అది రోగానికి దొరికిన చోటు, ముసలితనానికి కాదు.

1992లో కేంద్రం వృద్ధుల సమీకృత కార్యక్రమం మొదలెట్టి, స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లిచ్చింది. అంటే రిజిస్టరైన సంఘం, ఆడిట్ లెక్కలు, దరఖాస్తు నడిపించే మనిషి ఉన్నచోటికే ఆశ్రమం వస్తుంది. ఇవన్నీ పట్నంలో, రోడ్డూ రైలూ ఉన్నచోట దొరికేవి. 2011 జనగణన నాటికి శ్రీకాకుళం జిల్లాలో సుమారు 84 శాతం మంది పల్లెల్లోనే ఉన్నారు. అడిగే శక్తి ఒకచోట, అవసరం మరోచోట.

2007 చట్టం 19వ సెక్షన్ జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం, అందులో 150 మంది నిరుపేద వృద్ధులకు చోటు అంటుంది. అదీ 'స్థాపించవచ్చు' అని, 'స్థాపించాలి' అని కాదు. 2011లో శ్రీకాకుళం జిల్లా జనాభా 27 లక్షలు. పదిమందిలో ఒకరు అరవై దాటినవారనుకున్నా 2.7 లక్షల మంది. వాళ్ళకు 150 మంచాలా? 2022లో ఈ రెండు జిల్లాల నుంచి పార్వతీపురం మన్యం ఏర్పడింది. లెక్కకు ఇంకో 150 కలిసిందంతే.

పింఛను ఉంది కదా అంటారు. 1995లో కేంద్రం వాటా నెలకు 75 రూపాయలు. 2024లో రాష్ట్రం 4000 చేసింది. దీన్ని తక్కువ చెయ్యలేం, కోడలి ముందు ముసలమ్మ తలెత్తుకున్నది దీనివల్లే. కానీ మంచం పట్టిన మనిషిని డబ్బు లేపి కూచోబెట్టదు.

పట్నం ఆశ్రమానికి పోతావా అని మా వాడ ముసలమ్మనడిగితే, "కూడెడతారు సరే, కుండ ముట్టుకోనిస్తారేటి బాబూ?" అంది. ఆశ్రమం వాడకు దగ్గరగా ఉండాలి. వంటింట్లో వాడ మనిషి ఉండాలి. 'వచ్చు' పోయి 'వలెను' రావాలి. ఈ మూడూ అడగకుండా ఎన్ని కట్టినా పటం మారదు.